లంకెబిందెలు పిల్లల కంటపడితే

పాత ఇళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపడం ఊరంతా సాగుతోంది. కూల్చిన జాగా కనిపిస్తే పిల్లలకు అదే ఆటస్థలం. దొరికిన నాణేల గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి నాణేల పరిశీలన, నిధుల చట్టం బాగా తెలిసిన మా సలహాదారులు ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా గల్లీలో పాత పెంకుటిల్లు కూలగొట్టారు. పిల్లలు అక్కడ ఆడుతుంటే గోడ అడుగున మట్టికుండ ఒకటి పగిలి పసుపుపచ్చటి బిళ్లలు బయటపడ్డాయట. ముగ్గురు పంచుకున్నారు. మావాడు (9 ఏళ్లు) ఐదు తెచ్చి పెన్సిల్ డబ్బాలో దాచాడు. చెబితే కేసవుతుందని మా ఆయన, చెప్పకపోతే కేసవుతుందని మా అత్తమ్మ. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఉప్పుగూడ

మీ అత్తమ్మగారి మాటే నిజం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో గానీ, నేలకు అంటి ఉన్న గోడ వంటి దాంట్లో గానీ దాచి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధే. దాని విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికినవాళ్లు వీలైనంత త్వరగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే వాళ్ల వాటా ప్రభుత్వానికి పోతుంది. నేరం రుజువైతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బాబు గురించి బెంగ వద్దు. ఏడేళ్ల లోపు పిల్లలు చేసినదేదీ నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు తాము చేసే పనిని అర్థం చేసుకునే వయసు వచ్చిందా అని చూస్తారు. చిక్కంతా తెలిసీ ఊరుకున్న పెద్దలకే.

ఈ రోజే మిగతా ఇద్దరు పిల్లల ఇళ్లకు వెళ్లండి. కోప్పడకుండా అడిగితే జేబులోవీ, పుస్తకాల సంచిలోవీ అన్నీ వస్తాయి. గదమాయిస్తే ఒకటో రెండో మోరీలోకి పోతాయి. నాణేలన్నీ ఒకచోటికి చేర్చండి. కుండ పెంకులనూ, అందులోని మట్టినీ పారేయకండి. ఆ మట్టిలో పణాలనే అతిచిన్న నాణేలు ఉండొచ్చు. బంగారు పణం బరువు గ్రాములో మూడో వంతు, సైజు శనగబద్దంత. మట్టి విదిలిస్తే అది కూడా పోతుంది. మట్టి అప్పటికే చెల్లాచెదురైతే చీపురుతో ఊడ్చి బకెట్‌కు ఎత్తండి. జల్లెడ పట్టే పని మీరు పెట్టుకోవద్దు.

తర్వాత ఫొటోలు. దొరికిన చోటును నాలుగు వైపుల నుంచి తీయండి. నాణేలను తెల్ల కాగితం మీద పరిచి రెండు వైపులా తీయండి. పక్కన ఒక పది రూపాయల బిళ్ల పెట్టండి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు కాబట్టి కొలత తెలుస్తుంది. నాణెం అంచులే పట్టుకోండి. ఒక్కోదాన్ని విడిగా పొడి కాగితం కవర్లో పెట్టి, కవరు మీద పెన్సిల్‌తో నంబరు వేయండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు. పీవీసీ అయితే కాలక్రమంలో జిగట కారుతుంది, బంగారానికి ఏమీ కాకపోయినా కుండలో కలిసి ఉన్న వెండి, రాగి బిళ్లలకు ఆకుపచ్చగా పట్టుకుంటుంది.

ఇక అర్జీ. తెల్లకాగితం చాలు. చట్టం అడిగేవి మూడే: ఏం ఎంత దొరికింది (సంఖ్య, సుమారు విలువ), ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది. ముగ్గురు పిల్లల పేర్లూ, వాళ్ల తరఫున తల్లిదండ్రుల పేర్లూ రాయండి. ఒక్కరి పేరే రాస్తే రేపు వాటా దగ్గర ముగ్గురి మధ్య గొడవ తప్పదు. రెండు ప్రతులు తీసుకుని కలెక్టర్ కార్యాలయానికి వెళ్లండి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి దాకా ఆగాల్సిన పని లేదు. నాణేలను ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదంటే అడిగినప్పుడు తెచ్చి చూపిస్తామని పూచీ ఇవ్వాలి. జమ చేసేటప్పుడు పంచనామాలో 'పచ్చటి నాణేలు కొన్ని' అని రాస్తే సంతకం పెట్టకండి. ఒక్కో నాణెం బరువు, ఫొటో నంబరు రాయించండి. ఇది అధికారుల మీద అనుమానంతో కాదు. తర్వాత ఎవరైనా ఇన్ని కాదు, ఇంకా ఎక్కువ దొరికాయంటే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

ప్రశ్న: జాగా మాది, దొరికింది కిరాయిదారు పిల్లలకు. సగం సగం అని బస్తీ పెద్దమనుషులు తీర్పు చెప్పారు. చెల్లుతుందా?
– ఇంటి యజమాని, అంబర్‌పేట

దొరికినవాళ్లూ స్థల యజమానీ ముందే ఒప్పందం రాసుకుని ఉంటే దాన్ని చట్టం మన్నిస్తుంది. ఒప్పందం లేకపోతే దొరికినవాళ్లకు నాలుగింట మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు. అయితే ఈ పంపకం కలెక్టర్ 'దీనికి హక్కుదారు లేడు' అని ప్రకటించాకే. అంతకుముందే గల్లీలో పంచుకోవడం అంటే దాచినట్టే లెక్క. స్థల యజమాని ఆ దాపరికానికి సాయపడితే ఆయన వాటా కూడా పోతుంది, ఆరు నెలల దాకా జైలు ఉంది.

వరుస ఇలా ఉంటుంది. మీ సమాచారం అందాక కలెక్టర్ ప్రకటన వేస్తారు. హక్కు ఉందనుకునేవాళ్లు ఫలానా రోజున రావాలని అందులో ఉంటుంది. ప్రకటన తేదీ నుంచి నాలుగు నెలలు నిండకముందు ఆ రోజు ఉండకూడదు, ఆరు నెలలు దాటకూడదు. ఆ రోజు రానివాళ్ల హక్కు పోతుంది. వచ్చినవాళ్లు, 'ఇది నూరేళ్ల లోపు మా తాత దాచినది' అంటే సివిల్ కోర్టుకు వెళ్లి నిరూపించుకోవడానికి గడువు ఇస్తారు.

ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఉంది. కుండ ఎప్పుడు దాచారో చెప్పేది అందులోని అన్ని నాణేల్లోకీ కొత్తది. ఇరవై మొఘల్ మొహరీల (బంగారు నాణేల) మధ్య చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ అష్రఫీ (చార్మినార్ బొమ్మ ఉన్న బంగారు నాణెం) ఒక్కటి ఉన్నా, ఆ కుండ 1911కు ముందు పూడ్చింది కాదని తేలిపోతుంది. అప్పుడు ఆ ఇంటి పాత వారసుల మాటకు బలం వస్తుంది. ఆ ఒక్క నాణెం ఎవరి జేబులోకో పోతే చరిత్రతో పాటు దావా కూడా తలకిందులవుతుంది.

ప్రభుత్వం మ్యూజియం కోసం నాణేలు కావాలనుకుంటే లోహం విలువకు అదనంగా ఐదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. ఉదాహరణకు లోహం విలువ పది లక్షలైతే పన్నెండు లక్షలు ఇస్తారు. అందులో తొమ్మిది పిల్లల కుటుంబాలకు, మూడు మీకు. అరుదైన నాణేనికి సేకర్తలు ఇంతకంటే ఎక్కువ పెడతారు కదా అంటే, నిజమే, ఈ లెక్క చాలా పాతది, మార్చాల్సిందే. కానీ మారేదాకా ఉన్న లెక్క ఇదే.

ప్రశ్న: ఆంటీ, నాకు మట్టిలో ఒక నాణెం దొరికింది. నల్లగా, ఆకుపచ్చగా ఉంది. అమ్మ చింతపండుతో ఇత్తడి బిందె తోమినట్టు తోమితే మెరుస్తుందా?
– ఆరో తరగతి విద్యార్థిని, బోరబండ

వద్దు తల్లీ, దాన్ని అట్లాగే ఉంచు. మంచి బంగారం మట్టిలో వందల ఏళ్లున్నా నల్లబడదు. నీ నాణెం నల్లగా, ఆకుపచ్చగా ఉందంటే అది వెండో, రాగో, రాగి ఎక్కువ కలిసిన బంగారమో అయి ఉంటుంది. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, టూత్‌పేస్ట్ పై పొరను తినేస్తాయి. ఆ పొరతో పాటు అక్షరాలు కూడా అరిగిపోతాయి. అక్షరాలు పోతే అది ఏ రాజుదో ఎవరూ చెప్పలేరు. నీళ్లలో కడిగి గుడ్డతో రుద్దినా ఇసుక రేణువులు గీతలు పెడతాయి. కాగితంలో చుట్టి అమ్మకు ఇవ్వు. దొరికిన చోటు గుర్తుండగానే నోట్‌బుక్‌లో చిన్న బొమ్మ వేసి ఉంచు, అడిగినవాళ్లకు అది పనికొస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్ చుట్టుపక్కల దొరికే బంగారు నాణేలను చూసి ఏవి ఎవరివో సుమారుగా గుర్తుపట్టడం ఎలా? చేతిలో చిన్న డిజిటల్ తక్కెడ ఉంది.
– డిగ్రీ విద్యార్థి, తార్నాక

తక్కెడ గ్రాములో నూరో వంతు చూపితే సగం పని అయిపోయినట్టే. 0.35 గ్రాముల దగ్గర ఉంటే పణం. 3.4 గ్రాముల దగ్గర, చిన్నగా, మందంగా, దేవతామూర్తులతో ఉంటే వరహా, అదే హొన్ను. విజయనగర కాలంలో మొదలైన ఈ తూకం ఆ తర్వాత కూడా దక్షిణాదిన చాలాకాలం సాగింది. గోల్కొండ కుతుబ్‌షాహీలు ముఖ్యంగా రాగి నాణేలే కొట్టించారు. వాళ్ల రాజ్యంలో బంగారం అంటే ఈ హొన్నులే. అందుకే 'కుతుబ్‌షాహీ బంగారు నాణెం' అని ఎవరైనా అమ్మజూపితే ముందు అనుమానించాలి. 3.8 గ్రాముల దగ్గర, గిన్నెలా లోపలికి వంగి, మధ్యలో పద్మం, చుట్టూ విడివిడి ముద్రలు ఉంటే పద్మటంక కావచ్చు. దేవగిరి యాదవులవి ఈ తరహావి. 10.9 దగ్గర, రెండు వైపులా పారశీ లిపి మాత్రమే ఉంటే మొఘల్ మొహరీ. 7.98 గ్రాములు, 22 మిల్లీమీటర్లు, ఒక వైపు రాజు లేదా రాణి తల ఉంటే బ్రిటిష్ సవరన్, 22 క్యారెట్లు.

ఆసఫ్‌జాహీలవి కొంచెం తికమక పెడతాయి. 1857 తిరుగుబాటు దాకా నిజాములు మొఘల్ చక్రవర్తుల పేరుతోనే నాణేలు వేశారు. కాబట్టి పైన ఢిల్లీ పాదుషా పేరున్నా, కొట్టింది హైదరాబాద్ టంకశాలే కావచ్చు. యంత్రంతో కొట్టిన చార్మినార్ అష్రఫీని గుర్తించడం తేలిక. బరువు 11.2 గ్రాముల దగ్గర. చార్మినార్ ద్వారంలో చిన్న పారశీ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్. మీద హిజ్రీ (ముస్లిం పంచాంగం) సంవత్సరం ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం సుమారుగా వస్తుంది. 1330 ఉంటే 1290 + 622, అంటే 1912. ఒక ఏడాది అటూ ఇటూ పోవచ్చు. నిజాం నాణేలు, వాటిని కొట్టిన సరంజామా చూడాలంటే సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియానికి వెళ్లండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అంతకుముందు కాలాల నాణేలు ఉన్నాయి.

అరిగిన నాణెం బరువు కొంచెం తగ్గుతుంది, పెరగదు. చెప్పిన తూకం కంటే బరువెక్కువుంటే మట్టి అంటుకుందో, నకిలీయో చూసుకోవాలి.

ప్రశ్న: జేసీబీ తవ్వకంలో బిందె దొరికిందనీ, బజారు ధరలో మూడో వంతుకే ఇస్తామనీ ఇద్దరు మా దుకాణానికి వస్తున్నారు. శాంపిల్‌గా ఇచ్చిన బిళ్ల గీటురాయి మీద మంచి బంగారమే. తీసుకోవచ్చా?
– కిరాణా వ్యాపారి, మల్కాజ్‌గిరి

శాంపిల్ మంచిదే అవుతుంది. ఆ మోసం నడిచేదే అలా. మొదట ఒకటి రెండు అసలువి ఇస్తారు, మీరే మీకు నచ్చిన చోట పరీక్ష చేయించుకోమంటారు. నమ్మకం కుదిరాక చీకటి పడే వేళ, ఊరి బయట, తొందరలో సంచి చేతులు మారుతుంది. పోలీసులు వస్తున్నారని ఎవరో అరుస్తారు. ఇంటికొచ్చి చూస్తే ఇత్తడి. ఫిర్యాదు చేయలేరు, ఎందుకంటే దొంగచాటు నిధి కొన్నానని మీరే ఒప్పుకోవాలి. ఒకవేళ నిజంగా నిధే అయినా, కలెక్టర్‌కు చెప్పకుండా అమ్మినదాన్ని కొన్నందుకు మీరు కూడా కేసులో ఇరుక్కుంటారు. 100కు ఫోన్ చేయండి.

ఏదైనా ఒక్క నాణెం ఇత్తడా బంగారమా తేల్చుకోవడానికి గీటురాయి అక్కర్లేదు. రాయి నాణెం అంచు తింటుంది, పైపూతనే చూపిస్తుంది. దానికి బదులు నీళ్ల పరీక్ష చేయండి. డిజిటల్ తక్కెడ మీద సగం నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. తక్కెడ చూపే అంకెతో నాణెం బరువును భాగించండి. మేలిమి బంగారానికి 19.3, 22 క్యారెట్లకు 17.7 దగ్గర, ఇత్తడికి ఎనిమిదిన్నర దగ్గర వస్తుంది. 10.9 గ్రాముల మొఘల్ మొహరీ దాదాపు మేలిమి, కాబట్టి నీళ్లలో 0.57 దగ్గర చూపాలి. అదే బరువున్న ఇత్తడి బిళ్ల 1.28 చూపిస్తుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే జవాబు తక్కువ వస్తుంది, కాబట్టి మునిగాక ఒకసారి ఆడించండి. వరహాకు వచ్చేసరికి ఈ అంకె 0.2 గ్రాముల లోపే ఉంటుంది. అక్కడ తక్కెడ 0.01 తేడా చూపినా జవాబు ఇరవయ్యో వంతు మారుతుంది, మూడుసార్లు తూచాలి. టంగ్‌స్టన్ సాంద్రత బంగారంతో సమానం, దాన్ని మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు. మట్టి అంటిన నిధి నాణేలకు ఇది చేయవద్దు.

ప్రశ్న: మా ఇంటి కింద లంకెబిందెలున్నాయని ఒకాయన అంజనం వేస్తానంటున్నాడు. మా పాప ఎదురుకాళ్లతో పుట్టింది, తన బొటనవేలి గోట్లోనే కనిపిస్తుందట. అమావాస్య రాత్రి పాపను కూర్చోబెట్టమంటున్నాడు.
– పేరు వద్దు, పటాన్‌చెరు

కూర్చోబెట్టవద్దు. ఆయన్ను మళ్లీ గడప తొక్కనివ్వవద్దు. నల్లటి కాటుక మీద దీపం వెలుతురు పడితే అలసిన పిల్లకు ఏదో కదిలినట్టే ఉంటుంది. పక్కనున్నవాడు 'బిందె కనిపిస్తోందా, పాము ఉందా' అని అడిగేకొద్దీ అవుననే అంటుంది. ముందు మేకపోతు అడుగుతారు, తర్వాత డబ్బు, తర్వాత ఇంకేదో. బెదిరిస్తున్నా, పాపను తీసుకెళ్తామన్నా పిల్లల సహాయ నంబరు 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ వెంటనే చెప్పండి. భూమిలో 'పది మీటర్ల లోతు దాకా చూసే' స్కానర్ తెస్తామనే వాళ్లు కూడా ఇదే కోవ. మామూలు మెటల్ డిటెక్టర్ ఒక్క నాణేన్ని జానెడు లోతులో పట్టుకుంటే గొప్ప. అంతకంటే ముందు పాత మేకులన్నిటికీ కూస్తుంది.

ప్రశ్న: అమ్మమ్మ పోయాక ఆమె సందూకులో గుడ్డమూటలో ఏడు చార్మినార్ అష్రఫీలు, రెండు సవరన్లు ఉన్నాయి. పిల్లలు తీసి ఆడుకుంటున్నారు. కలెక్టర్‌కు చెప్పాలా?
– గృహిణి, మెహదీపట్నం

చెప్పనక్కర్లేదు. సందూకు నేలకు అంటుకున్నది కాదు, మూట ఎవరిదో తెలుసు. అది వారసత్వం, నిధి కాదు. అదే మూట గోడ గూట్లో సున్నం కింద దొరికి ఉంటే జవాబు వేరు. దేశం బయటికి మాత్రం పంపకండి. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, అమెరికాలో ఉన్న మనవరాలికి బహుమతిగా పంపినా నేరమే. వారసులంతా కూర్చుని ఫొటోలతో జాబితా రాసుకోండి. నగల దుకాణంలో మార్చాలనుకుంటే తొందరపడకండి. అక్కడ బరువు చూసి, తరుగు తీసి, కరిగిస్తారు. బాగా నిలిచిన అష్రఫీకి సేకర్తల దగ్గర బంగారం ధర మీద అదనం వస్తుంది. చెవి దుద్దుల కోసం కొక్కెం అతికించినది, మెరుగు పెట్టించినది అయితే ఆ అదనం చాలావరకు పోతుంది.

ప్రశ్న: సోషల్ పాఠం చెప్పాక మా పిల్లలు గోల్కొండలో తవ్వుదామంటున్నారు. పిల్లలకు నిజంగా పెద్ద నిధి దొరికిన సందర్భం మన దేశంలో ఉందా? వాళ్లను ఎలా ఆపాలి?
– ఉపాధ్యాయుడు, షేక్‌పేట

ఉంది. 1946 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని బయానా దగ్గర, భరత్‌పూర్ మహారాజు వేట ముగిశాక ఖాళీ తూటాలు ఏరుకోవడానికి వెళ్లిన ఊరి పిల్లలకు పొలంలో రాగి పాత్ర దొరికింది. నిండా గుప్తుల బంగారు నాణేలు. ఊళ్లో పంచుకున్నారు, కొన్ని కరిగిపోయాయి. మహారాజు తిరిగి రాబట్టించినవి 1,821. చరిత్రకారుడు ఎ.ఎస్.ఆల్తేకర్ 1954లో వాటి జాబితా ప్రచురించారు. రెండో చంద్రగుప్తునివి 983, కుమారగుప్తునివి 628, సముద్రగుప్తునివి 183, కాచుడనే రాజువి 16, మొదటి చంద్రగుప్తునివి 10. ఇక 'క్రమాదిత్య' అన్న బిరుదుతో ఉన్నది ఒకే ఒక్కటి. దాన్ని స్కందగుప్తునిదిగా గుర్తించారు. ఆ కుండ స్కందగుప్తుని కాలం మొదట్లో పూడ్చి ఉంటారని చెప్పడానికి ఆధారం ఆ ఒక్కటే. కరిగినవాటిలో అది ఉండి ఉంటే తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయేది. పాఠంగా చెప్పడానికి ఇంతకంటే మంచిది దొరకదు. నల్లబల్ల మీద అంకెలన్నీ రాసి, 'ఈ కుండ ఎప్పుడు దాచారు?' అని అడిగి చూడండి.

మన దగ్గర కూడా 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి దగ్గర భూమి చదును చేస్తుంటే రాగి పాత్రలో బంగారు, వెండి నగలు బయటపడ్డాయి, అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఇలాంటివన్నీ పొలం పనిలో, పునాదుల్లో అనుకోకుండా దొరికినవే. వెతికితే దొరికేవి తక్కువ.

గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ అనుమతి లేకుండా పార పెట్టడం నేరం, చుట్టూ నూరు మీటర్ల దాకా నిర్మాణ నిషేధమే ఉంది. పిల్లలకు చట్టం కంటే ఇది గట్టిగా చెప్పండి: పాత సున్నపు గోడ అడుగున తవ్వితే గోడ మీదకు వస్తుంది. నడుము లోతు దాటిన గుంత అంచులు వాన తర్వాత హెచ్చరిక లేకుండా విరిగిపడతాయి. పాడుబడ్డ బావుల అడుగున ఊపిరాడదు, దిగినవాడిని తీయడానికి దిగినవాడు కూడా పైకి రాడు. రాళ్ల సందుల్లో తేళ్లుంటాయి. ఆడుకుంటూ కుండ అంచు కనిపిస్తే చేయి పెట్టకుండా, మీద ఒక తట్ట బోర్లించి, ఒకరు అక్కడే ఉండి, ఇంకొకరు పెద్దవాళ్లను పిలుచుకురావాలి.

ప్రశ్న: జుమ్మేరాత్ బజార్‌లో మావాడు 1818 నాటి ఈస్టిండియా కంపెనీ నాణెం కొన్నాడు. ఒక వైపు హనుమంతుడు. బియ్యం గింజల్ని లాగుతుందట, లక్షలు పలుకుతుందట.
– ఆటో డ్రైవర్, కార్వాన్

కంపెనీ అలాంటి నాణెం వేయలేదు. దేవుళ్ల బొమ్మలతో 1616, 1717, 1818 అని తేదీలు కొట్టినవన్నీ తర్వాతి కాలపు బిళ్లలు, 'యూకేఎల్ వన్ అణా' వంటి అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు చూస్తేనే తెలిసిపోతుంది. బియ్యం లాగడం అయస్కాంతం, ఇనుప పొడి పట్టించిన గింజల తమాషా. ఇరవై రూపాయలకు కొని ఉంటే పిల్లవాడి దగ్గరే ఉండనివ్వండి. లక్షలకు కొంటామని ఫోన్ చేసి ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి పంపకండి.